సుజాతక్క ఎత్తిపెట్టిన పాత సర్వరు

ఇందిర కంపైల్ మొదలుపెట్టగానే మూలనున్న పాత కంప్యూటరు ఫ్యాను గిర్రున అందుకుంది. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొట్టింది. ఇందిర మా ఆఫీసులో చేరి వారమైంది. కొత్త మెయిల్ సర్వరు కట్టడం ఆమెకిదే మొదలు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది, వెంటనే సుజాతక్క గుర్తుకొస్తుంది.

ఉరవకొండలో మాది రైతులకు వాన సంగతులు చెప్పే చిన్న సంస్థ. బెళుగుప్ప, వజ్రకరూరు వైపు ఊళ్ల కేంద్రాలు పొద్దున్నే తమ వాన కొలత మెయిల్ చేస్తాయి. ఎక్కడ నేల తడిసి విత్తే పదును చాలిందో, ఎక్కడ వేరుశనగ విత్తవచ్చో మేము సాయంత్రంలోగా జవాబిస్తాం. ఆ మెయిళ్లన్నీ చూసుకునే సుజాతక్క నా మొదటి బాస్. నేను చేరిన ఏడాదే బయటి మెయిల్ సర్వీసులు మా జవాబులను తిప్పికొట్టసాగాయి. మా మెయిల్ సర్వరు ప్రోగ్రాము భద్రతా పద్ధతి పాతబడిందట. కంప్యూటరు మారుద్దామంటే వాన లెక్కల ప్రోగ్రాము ఆ పాత సిస్టం మీద తప్ప నడవదు. ఆ సిస్టానికేమో కొత్త మెయిల్ సర్వరు రెడీమేడ్‌గా దొరకదు.

"దొరక్కుంటే ఏమప్పా? సోర్సు కోడ్ తెచ్చుకుందాం. పిండి లేకుంటే జొన్నలు తెచ్చి ఇసురుకోమా?" అంది అక్క.

విసరడం, అంటే ఆ కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే కంపైల్ పని, అంత సులువు కాలేదు. లైబ్రరీ పాతదని ఒకసారి, కంపైలరు పాతదని ఒకసారి మొరాయించింది. ఎర్రర్ రాగానే నేను తెర మూసేసేదాన్ని. ఆమె మళ్లీ తెరిపించేది. "ఎర్రరంటే తిట్టు కాదు పాపా. యాడ నొప్పో చెప్తాండాది. మొదటి లైను చదువు, కడాది కాదు" అనేది. అలా చదివీ చదివీ నాకు ఆ పని మీద పిచ్చి ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇంతలో వాన పడింది. భలే వాన! అక్క వానకొలత పరికరం చూడటానికి వజ్రకరూరు వెళ్లింది. ఆఫీసులో నేనొక్కదాన్నే. ఒక్క ఎర్రరూ లేకుండా కంపైల్ ముగిసింది. కుర్చీలోంచి లేచి గంతేశాను. ఆ ఊపులోనే పాత మెయిల్ సర్వరు ఆపి, దాని మీదనే కొత్తది వేసేశాను. అది లేవలేదు. వెనక్కు పోదామంటే పాతది లేదు. జవాబులు సరే, ఊళ్ల నుంచి వచ్చే కొలతలూ ఆగిపోయాయి. పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. అక్కకు ఫోన్ చేశాను.

"పాతది యాడ పెట్టినావు?"

"దాని మీదనే వేసినానక్కా."

"ఉన్న ఇత్తనాలన్నీ ఒకే పదునుకు ఇత్తుతారా ఎవరన్నా?" అంటూనే నవ్వింది అక్క. "'ఎత్తిపెట్టినవి' అని ఒక ఫోల్డరుండాది, చూడు."

మా సీమ రైతు తొలి పైరు ఎండిపోతే తిరిగి విత్తడానికి కొన్ని విత్తనాలు ఎత్తిపెట్టుకుంటాడు. ఆ ఫోల్డరులో పాత సర్వరు సెట్టింగులతో సహా చెక్కుచెదరకుండా ఉంది. పొద్దున బయలుదేరే ముందే అక్క కాపీ చేసిపెట్టింది. దాన్ని నడపగానే కొలతలు రాసాగాయి. కొత్తదాన్ని పక్కనే విడిగా లేపి, ఎర్రర్ మొదటి లైను చదివాను. పాత సెట్టింగుల్లో ఒక్క వరుస దానికి గిట్టలేదు. మార్చి, అక్క ఫోనుకు ఒక మెయిల్ పంపాను.

"వచ్చింది పాపా, వచ్చింది!" అక్క అరుపుకు నా చెవి గింగురుమంది.

సాయంత్రానికి జవాబులన్నీ వెళ్లాయి. మర్నాడు బెళుగుప్ప దారిలో చేలల్లో విత్తనం వేసే గొర్రులు నడుస్తుంటే బస్సు కిటికీలోంచి చూసి ఈల వేయాలనిపించింది. నేను తప్పు చేస్తానని ముందే తెలుసా అని అక్కనడిగాను.

"నాకేం తెలుసు? ఎత్తిపెట్టినాక నువ్వేం చేసినా నాకు బయం ల్యాకపాయె. అందుకే నీ చేతికిచ్చి పోయినా" అంది.

అక్క రిటైరై చాలా కాలమైంది. ఇప్పుడు ఆమె కుర్చీలో నేనున్నాను.

"మేడం, కంపైల్ అయిపోయింది! పాతది ఆపేసేదా?" ఇందిర కళ్లు మెరుస్తున్నాయి.

"ఆపెయ్" అన్నాను. పొద్దున తను రాకముందే ఒక ఫోల్డరు నింపి పెట్టాను. దాని పేరు ఇంకా చెప్పలేదు.