మింగిన లైను

చదివిన పేజీ మళ్లీ వెనక్కి తిప్పి చూడందే నాకు ఇప్పటికీ మనసు ఊరుకోదు. అది మా టీచరమ్మ పెట్టిన అలవాటు.

జబ్బు వల్ల నేను బడికి పోలేదు. లింగంపల్లిలో మా పక్కింటి టీచరమ్మే బడి వదలగానే వచ్చి చదువు చెప్పేది. నా అక్షరాల కింద ఆమె చూపుడువేలు జరుగుతుండేది. నేనేదైనా దాటేస్తే ఆగేది.

"లైను మింగినవ్ బిడ్డా. ఆకలైతే అన్నం తిను."

చర్చిలో వాక్యం చదివే తన మనవరాలికీ అదే మాట.

పోయిన వానాకాలం ఆమె చూపు పోయి మంచం పట్టింది. ఆఫీసుల ట్రాఫిక్ దాటుకుని తెల్లాపూర్‌లో ఆమె కొడుకింటికి వెళ్లి, రోజూ బైబిల్ వాక్యం చదివి వినిపించేదాన్ని. ఆమెకు అంతా కంఠస్థమే. దుప్పటి మీద ఆమె వేలు నా చదువు వెంటే జరిగేది. ఒక సాయంత్రం కీర్తనలో చావు మాట వచ్చింది. నోరు రాక దాటేశాను.

వేలు ఆగింది.

"లైను మింగినవ్."

"అదొక్కటి వద్దు టీచరమ్మా."

"భయం నాకా, నీకా? ఇగ మొదటి నుంచి చదువు."

మొదటి నుంచి చదివాను. ఆ లైను దాటాకే వేలు కదిలింది.

ఆమె సమాధి దగ్గర పాస్టరుగారు, "ఏదైనా చిన్న కీర్తన చాలమ్మా" అన్నారు. నేను ఆ కీర్తనే తీశాను. నాకు చదువు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుని, ఆ లైను కింద నా వేలు పెట్టాను.