దూరమా, నాయనా?

మొన్న పొద్దున మా మనవరాలు గడప దగ్గర కూర్చుని బూట్ల దారాలు కట్టుకుంటా ఉండింది. ఇంజనీరింగు చదువు చివరికొచ్చింది. బెంగళూరులో ఏదో కంప్యూటర్ల కంపెనీలో ఏడాదిపాటు పని నేర్చుకోవాలంట, అది కూడా చదువులో భాగమేనంట. నేను పేపర్లోంచి తలెత్తి, "దూరమా తల్లీ?" అన్నాను. దానికి బస్సు టికెట్టు తెచ్చింది నేనే, సంచిలో చెనిక్కాయ ఉండలు పెట్టించింది నేనే. "అన్నీ తెలిసి అడుగుతావేం తాతా!" అని అది పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నా మనసు అప్పటికే కర్నూల్లో, ఒక నూనె మిల్లు ఆఫీసులో, కిటికీ పక్కనున్న కొయ్యకుర్చీలో పోయి కూర్చుంది.

నాక్కూడా అట్లాంటి ఏడాది ఒకటి ఉండింది. మద్రాసులో కరెంటు పనుల డిప్లొమా చదివేవాణ్ణి. ఆఖరున ఏడాది పాటు ఏదైనా కంపెనీలో పనిచేసి, బాగా చేసినాడని వాళ్ళు రాసిచ్చిన కాయితం తెస్తే గానీ చదువు పూర్తయినట్టు కాదు. మాది నందికొట్కూరు దగ్గర చిన్న పల్లె. నాయన ఒక్క మాటే అన్నాడు. "ఒక్క ఏడాదబ్బీ. కాయితం తెచ్చుకుంటివా, నీ దావన నువ్వు పో. లేకుంటే మడక యాడికీ పోలేదు, ఆ మూలనే ఉండాది." ఆ మడక పట్టి చేను దున్నడమంటే నాకు కోపమేమీ లేదు. కానీ తీగలో మాట పోవడం ఒకసారి చూసినాక, నాకింక దేనిమీదా మనసు నిలిచేది కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరినిండా గుడారాలు, ఆఫీసులు, ఫైళ్ళు మోసుకుని తిరిగే కొత్త ముఖాలు. కొండారెడ్డి బురుజు కింద ఉగ్గాని బజ్జీ తినేదానికి కూడా వరసలో నిలబడాల్సి వచ్చేది. ఆ సందట్లో నేను పనికి చేరిన నూనె మిల్లు కంపెనీవాళ్ళు కూడా మద్రాసు నుంచి ఒక టెలిఫోను బోర్డు తెప్పించినారు. నిలువెత్తు కొయ్యబీరువా, దాని ముఖం నిండా చిన్నచిన్న ఇత్తడి మూతలు. మిల్లులోనో గోడౌన్లోనో ఎవరైనా ఫోను పిడి తిప్పితే ఇక్కడ వాళ్ళ మూత టక్కున పడేది. నేను తీగ గుచ్చి, ఎవరితో మాట్లాడాలో కనుక్కుని, రెండో తీగ అక్కడ గుచ్చాలి. ఆదోని, నంద్యాల కావాలంటే పోస్టాఫీసును అడిగి కలపాలి. అంతే పని. కానీ మధ్యాహ్నం పూట, బయట ఎండ బండల్ని కాలుస్తా ఉంటే, మాటలు వినే చెవితొడుగు పెట్టుకుని కూర్చుంటే, అబ్బ! తీగల్లో గాలి హోరు, దాని వెనక ఎక్కడో ఎవరిదో దగ్గు, ఎవరిదో నవ్వు, ఇంకా వెనక ఏదో ఊళ్ళో కుక్క అరుపు. గానుగ నుంచి వేడివేడి నూనె వాసన వచ్చి గదినిండా పరుచుకునేది. నేను మేలుకునే ఉన్నానో, కునుకులో ఉన్నానో నాకే తెలిసేది కాదు. నా చేతిలోంచి ఊళ్ళకు ఊళ్ళు మాటలై దాటిపోతున్నట్టు ఉండేది.

నాకు పని నేర్పినాయన బోర్డుతోపాటే మద్రాసు నుంచి వచ్చినాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన క్రాపు, నవ్వితే ఎక్కడ నలిగిపోతుందో అన్నట్టుండే ముఖం. ఇంగ్లీషు పుస్తకంలో మూత పడగానే నెంబరు అడగమని ఉంది. మా మిల్లువాళ్ళకు నెంబర్లు ఎక్కడ తెలుసు? అందుకని ఆయనే ఆలోచించి, "మూత పడితే 'ఎక్కడికి?' అని అడుగు. చాలును" అని చెప్పినాడు. నేనూ బుద్ధిగా అట్లే అడుగుతా వచ్చినాను. మూత పడేది. "ఎక్కడికి?" అనేవాణ్ణి. అవతల ఠక్కుమని ఫోను పెట్టేసేవాళ్ళు! కాసేపటికి మళ్ళీ మూత పడేది. మళ్ళీ "ఎక్కడికి?" మళ్ళీ ఠక్కు. తీగలో ఏదో లోపముందని మద్రాసు సారు రెండుసార్లు బోర్డు విప్పి బిగించినాడు.

కంపెనీ యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. పెద్ద తలపాగా, తెల్లమీసాలు, నడుస్తుంటే కిర్రుకిర్రుమనే చెప్పులు. ఆయన గదికీ బోర్డు గదికీ మధ్య ఒక్క గోడే. బోర్డు తెప్పించింది ఆయన కొడుకు. పెద్దాయనకు దానిమీద మొదట్నుంచీ నమ్మకం లేదు. ఒకనాడు ఆదోనిలో మంచి చెనిక్కాయ బేరం తగిలింది. పెద్దాయన తనే స్వయంగా పిడి తిప్పినాడు. మూత పడింది. నేను గొంతు సవరించుకుని "ఎక్కడికి?" అన్నాను. ఫోను పెట్టేసిన చప్పుడు తీగలోనూ వినబడింది, గోడలోంచీ వినబడింది. తర్వాత ఆయన లేచి, పెరట్లో కాళ్ళు కడుక్కుని, కడవలో నీళ్ళు ముంచుకుని తాగి, తీరుబడిగా ఉయ్యాలబల్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ ఫోను చేసేటప్పటికి ఆ బేరం ఇంకెవరో ఎత్తుకుపోయినారు.

ఆయన నేరుగా బోర్డు గదిలోకి వచ్చినాడు. "ఏమప్పా, బయలెల్లే మనిషిని యాడికని అడుగుతారా యాడన్నా? మీ ఇంట్లో నేర్పలేదా?"

మద్రాసు సారు మర్యాదగానే చెప్పబోయినాడు. "తమరు బయలుదేరలేదు కదండీ. కుర్చీలోనే ఉన్నారు."

"నా మాట బయలెల్లింది గదా! మాట పోతే మనిషి పోయినట్టే." ఆయన మీసం వణికింది. నా వైపు తిరిగి, "ఉగాదికి ఈ పెట్టె మద్రాసుకు పోతాది. నువ్వు మీ ఊరికి పోదువులే" అని వెళ్ళిపోయినాడు.

ఉగాదికి నా ఏడాది నిండదు. కాయితం లేదు, డిప్లొమా లేదు. ఆ వారం నాయనతో చెప్పేద్దామని ఊరికి పోయినాను. చెప్పలేకపోయినాను. నాయన ఆ రోజెందుకో శానా సంతోషంగా ఉన్నాడు, కొత్త గొర్రెపిల్లను చూపించినాడు, నాకు జొన్నరొట్టె మీద వెన్న ఆయనే వేసినాడు. ఇంక ఏ నోటితో చెప్పేది? పొద్దున సంచి తగిలించుకుని బయల్దేరితే, అరుగు మీద చాటలో కొర్రలు చెరుగుతున్న మా మేనత్త తలెత్తకుండానే, "దూరమా నాయనా?" అంది. నేను కర్నూలు పోతున్నానని ఆమెకు తెలుసు. నా రొట్టెల మూట కట్టిందే ఆమె. "దూరమే అత్తా" అని నాలుగడుగులు వేసి, దారిలో నిలబడిపోయినాను. పుట్టినప్పటినుంచి విన్న మాట! పోయేవాణ్ణి యాడికని అడగకూడదు, అడిగితే పోయే పని చెడుతుంది. దూరమా అని అడగాలి. మా పల్లెలో నడవడం రాని పసిబిడ్డకు తప్ప అందరికీ తెలుసు. ఇంట్లో మర్యాద ఆఫీసులోకి తెచ్చుకోవచ్చని మాత్రం నా మట్టిబుర్రకు తట్టలేదు.

మర్నాడు మొదటి మూత గోడౌనుది పడింది. "దూరమాన్నా?" అన్నాను. అవతల పెద్ద నవ్వు. "దూరమేం లేదప్పా, మిల్లుకే." మద్రాసు సారు అదిరిపడి నా వైపు చూసినాడు. ఇది పుస్తకంలో లేదన్నాడు. నిజమే, లేదు. కానీ మధ్యాహ్నానికి మూతలు టకటకా పడటం మొదలైంది. కొందరు ఊరికే, నేను అడిగితే వినేదానికి కూడా పిడి తిప్పినారనిపించింది. సాయంత్రం సారు పోతాపోతా తలుపు దగ్గర ఆగి, "ఆ మాట ఇంకొకసారి చెప్పు" అని తనూ నెమ్మదిగా అని చూసుకున్నాడు. ఆయన నోట్లో అది కొంచెం అరవ యాసలో పలికింది.

పెద్దాయన మాత్రం ఫోను ముట్టలేదు. రోజులు గడిచిపోతున్నాయి, మామిళ్ళు పూతకొచ్చినాయి. నేను ఆయన మూతనే చూస్తా కూర్చునేవాణ్ణి. ఒక పొద్దున, తుంగభద్ర మీదనుంచి చల్లగాలి వస్తా ఉంటే, అది పడింది. తీగ గుచ్చి, "దూరమా పెద్దాయనా?" అన్నాను. పెట్టేస్తాడనుకున్నాను. "దూరమే నాయనా. ఆదోనికి," అన్నాడు. ఆ రోజు బేరం కుదిరిందో లేదో నాకు తెలీదు. ఉగాది వచ్చింది, పోయింది. పెట్టె మద్రాసుకు పోలేదు.

ఏడాది నిండినరోజు కాయితం నా చేతికొచ్చింది. మడత విప్పి ఎన్నిసార్లు చదివినానో! చెవితొడుగు కొక్కేనికి తగిలించి లేవబోతా ఉంటే పెద్దాయన మూత పడింది. అలవాటు కొద్దీ తీగ గుచ్చినాను. నేను నోరు తెరిచేలోపలే అవతలనుంచి వచ్చింది.

"దూరమా, నాయనా?"

గోడకవతలే ఉన్నాడు. పిలిస్తే వినబడేంత దగ్గర. అయినా పిడి తిప్పి, తీగలోంచి అడిగినాడు. "దూరమే పెద్దాయనా" అన్నాను.

"అయితే నీళ్ళు తాగి పో."

ఆయన్ను మళ్ళీ చూళ్ళేదు. తర్వాత నేను ఎన్నో బోర్డులు చూసినాను, ఎన్నో ఊళ్ళు కలిపినాను. తీగల్లేని ఫోన్లు కూడా వచ్చినాయి. అంత దగ్గరనుంచి, అంత దూరంగా నన్నెవరూ పిలవలేదు.

ఆటో వచ్చిందని మనవరాలు లేచింది. "నీళ్ళు తాగి పో తల్లీ" అన్నాను. "టైమైపోతోంది తాతా" అంటూనే లోపలికి పోయి, గ్లాసుతో వచ్చి సగం తాగి, మిగతాది పిట్టగోడ మీద పెట్టింది. గేటు దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి, "దూరమే తాతా. పోయొస్తా" అంది. ఆటో మలుపు తిరిగినాక కూడా ఆ గ్లాసును నేను తియ్యలేదు. మనుషులైతే గడపలో ఒక్క క్షణం నిలబడతారు, అడిగితే పలుకుతారు. కాలమే, నీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోతుంది.