ఎడమ పక్కకు పడే బంతులు

సారు పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను ఆత్మకూరులో మా బడి గ్రౌండులో ఖోఖో ఆటకు సున్నం గీతలు వేస్తున్నాను. ఫోను చేసింది నాతోపాటు సారు దగ్గర ఆడిన స్నేహితురాలు. "పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నాడంట మే. మళ్ళా లేవలా" అంది. నాకు మొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారు. సారు కూర్చోవడం ఏమిటి అనుకున్నాను. నేనెరిగి ఆయన కూర్చున్నది బహు తక్కువ. ఫోను పెట్టేసి మిగతా గీత పూర్తి చేశాను, అది వంకర పోయింది. ఆ రోజు నుంచి నాకూ ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో లేచి తిరుగుతున్నాను.

ఆయన దేశం తరఫున బాస్కెట్‌బాల్ ఆడినవారు. మా ఉదయగిరి నుంచి అంత దూరం వెళ్ళిన ఆటగాడు ఆయన ఒక్కరే. ఆరున్నర అడుగుల మనిషి. ఆట మానేశాక పట్నంలో పెద్ద జట్లకు కోచింగ్ ఇచ్చుకుంటూ హాయిగా ఉండొచ్చు. పిలిచారు కూడా. ఆయన మాత్రం సొంతూరికి వచ్చి, కొండ కింద రాళ్ళు ఏరించి, నేల చదును చేయించి, ఒక ఇనప స్తంభానికి రింగు బిగించారు. "ఒకటే రింగేంది సార్, రెండు గదా ఉండాల?" అని ఎవరో అడిగితే, "ముందు దీంట్లో వెయ్యండ్రా, రెండోది అదే వస్తాది" అన్నారట. అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా ఊరి కొయ్య చెంచాలు మీలో కొందరైనా చూసే ఉంటారు. మా ఇంట్లో అందరిదీ అదే పని. బడి నుంచి రాగానే నేను అమ్మ పక్కన కూర్చుని ఆకురాయితో చెంచా కాడలు నున్నగా అరగదీసేదాన్ని. చెంచాలు కొనడానికని వచ్చిన సారు ఒకరోజు చెంచాలు వదిలేసి నా చేతినే చూస్తూ నిలబడ్డారు. మా అవ్వకు ఒళ్ళు మండింది.

"ఏంది నాయనా, పిల్ల చెయ్యి అట్టా చూస్తుండావు?"

"మణికట్టు చూస్తుండా అవ్వా. దీనికి బంతి దొరికితే ఎట్టుంటాదో అని."

"ఆడపిల్లకి బంతేంది? ఈ చెంచాలు ఎవురు చేస్తారు?"

"నేను చేస్తా" అన్నారు సారు.

అని ఊరుకోలేదు. మర్నాడు సాయంత్రం నన్ను గ్రౌండుకు పంపి, నా చోట ఆయన కూర్చున్నారు. ఆ పొడుగు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆకురాయి పట్టడం చేతకాక, గంటలో మూడు కాడలు విరిచారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అవ్వ తల కొట్టుకుని, "నువ్వు ఇంకో దినం కూర్చుంటే మాకు కూడుండదు. పిల్లను తీసకపో, నువ్వు మాత్రం రావద్దు సామీ" అందట. అలా నేను ఆటలోకి వచ్చాను. నన్ను చూసి మా వీధిలో ఇంకో నలుగురు పిల్లలు వచ్చారు. ఈ రోజు నేను ఆటల టీచరుగా తింటున్న తిండి ఆయన పెట్టిందే.

మెత్తగా మాట్లాడటం సారుకు రాదు. కాలు నొప్పి అని ఎవరైనా చతికిలబడితే, "మంచిదేలే, కాలుండాదని తెలిసింది గదా" అనేవారు. పెద్దింటి పిల్లలు విర్రవీగితే, "బంతికి నువ్వెవురో తెలీదురా. నీ వేళ్ళు తెలుసు, అంతే" అనేవారు. తిట్టిన పిల్లను మాత్రం ఇంటి గడప దాకా దిగబెట్టి వచ్చేవారు.

మా గ్రౌండులో ఒక చిక్కు ఉంది. రింగుకు ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు కొండ. దాని మీది నుంచి దిగే గాలి బంతిని కుడికి నెట్టేది. అందుకని మేమంతా జానెడు ఎడమకు విసరడం అలవాటు చేసుకున్నాం. ఎవరూ నేర్పలేదు, చేతికి అదే వచ్చింది. మొదటిసారి నెల్లూరులో ఇండోర్ స్టేడియంలో ఆడినప్పుడు మేం ఐదుగురం వేసిన బంతులు వరసగా రింగుకు ఎడమ పక్కనే పడ్డాయి. జనం పడీ పడీ నవ్వారు. నేను ఏడుస్తూ వచ్చి "ఈడ గాలి లేదు సార్" అన్నాను. సారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "తప్పు నాది పాపా. ఇన్నాళ్ళూ గాలిని గూడా మీతో ఆడించినాను. దాన్ని బస్సెక్కించేది మరిచిపోయినాను" అన్నారు. తిరిగి వచ్చాక ఒక కల్యాణ మండపం వాళ్ళను బతిమాలి, ముహూర్తాలు లేని నెలంతా అందులో ఒక రింగు బిగించి ఆడించారు. మరుసటి ఏడు గెలిచాం.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల బడుల్లో బాస్కెట్‌బాల్ నేర్పేవాళ్ళలో సగం మంది సారు చేతికింద పెరిగినవాళ్ళే. ఆత్మకూరులో నేను, కొండాపురంలో ఇంకొకరు. మా పిల్లలు ఉదయగిరి కొండను చూసి కూడా ఎరగరు. అయినా వాళ్ళ బంతి కాస్త ఎడమకే పోతుంది, మా చేతులు చూసి నేర్చుకున్నారు మరి. దిద్దుతూ ఉంటాం.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. రెండేళ్ళుగా సారుకు మోకాళ్ళు సహకరించలేదు. "శని ఆదివారాలన్నా రా పాపా. ఈల ఊదగలను గానీ పరిగెత్తి చూపించలేను. చూపించకపోతే పిల్లలు నిలబడరు" అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ "వచ్చే నెల నుంచి వస్తా సార్" అన్నాను. బడి ఉంది, చిన్న కొడుకున్నాడు, బస్సులో గంటకు పైగా ప్రయాణం. అన్నీ నిజాలే. నిజాలు కాబట్టే అంత బాగా పనికొచ్చాయి. మూడోసారి ఆయన "సర్లే" అని నవ్వారు. కోప్పడి ఉంటే బాగుండేది. అప్పటికే పిల్లలు సగమయ్యారు.

పెద్దకర్మ రోజు గ్రౌండులోనే షామియానా వేశారు. ఊరి పెద్దాయన ఒకరు లేచి, బంతి చేతిలో పట్టుకున్న నిలువెత్తు విగ్రహం గ్రౌండు నడిమధ్యలో పెడదామన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేను ఆగలేకపోయాను.

"నడిమధ్యలో పెడితే పిల్లలు యాడ ఆడాల?"

"ఓ మూలకు పెడదాంలేమ్మా."

"పెట్టండి. రేపు పొద్దున పిల్లలొస్తే ఈల ఎవురూదతారు? విగ్రహమా?"

నా గొంతు నాకే మోటుగా వినిపించింది. పెద్దాయనకు కోపం రాలేదు. "అయితే నువ్వు రామ్మా. ఎవురొద్దన్నారు?" అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. వచ్చే నెల అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "శనివారం సాయంత్రం, ఆదివారం నావి" అన్నాను. సారు దగ్గరే ఆడి ఇప్పుడు బస్సు కండక్టరుగా ఉన్న ఒకాయన వెనక నుంచి, "నాకు బుధవారం ఆఫ్. ఆ రోజు నాది" అన్నాడు. మిగతా రోజులకు ఇంకా ఎవరూ దొరకలేదు. ఇది చదివేవాళ్ళలో సారు దగ్గర ఆడినవాళ్ళు ఉంటే, సోమవారం ఖాళీగా ఉంది.

మొన్న శనివారం బడి వదలగానే బస్సెక్కాను. నేను చేరేసరికి పిల్లలు గ్రౌండులో చెల్లాచెదురుగా తిరుగుతున్నారు. ఈల ఊదాను. పరుగున వచ్చి నా ముందు వరసగా నిలబడ్డారు. నిలబడి, అందరూ ఒక్కసారిగా తలలు పైకెత్తారు. నా తలకు మూరెడు పైన, ఏమీ లేని చోట చూశారు. కాసేపటికి ఒక్కొక్కరే చూపు కిందికి దించుకుంటూ వచ్చి, నా ముఖం దగ్గర ఆగారు.