నాలుగు కార్డుల నిమజ్జనం

మా వైపు భూమి ఎకరాల లెక్కన పలికే రోజులు పోయి, గజాల లెక్కన పలకడం అప్పుడప్పుడే మొదలైన కాలమది. తూంకుంట దగ్గర నిన్నటిదాకా జొన్న వేసిన చేలో తెల్లారేసరికి తెల్లరాళ్లు మొలిచేవి, సాయంత్రానికి వాటికి నంబర్లు పడేవి. అప్పటి మనుషులు ఇప్పటివాళ్లకన్నా అమాయకులని అందరూ రాస్తుంటారు. నేను ఒప్పుకోను. మేం గర్విష్ఠులం. అందులోనూ మాది భక్తి ముసుగు వేసుకున్న గర్వం, ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేని రకం. ఈ మాట ఇంకొకరి గురించి రాస్తే నిందాదోషం తగులుతుంది కాబట్టి, నా గురించే రాసుకుంటున్నాను.

నాకప్పుడు పాతికేళ్లు. మేడ్చల్‌లో ఒక విత్తనాల కంపెనీ గోదాములో గుమాస్తాని. మెడలో తులసిమాల, నుదుట తిరునామం, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక శ్లోకం. చిన్నప్పుడే అమ్మానాయినలు పోతే అవ్వ పెంచింది. ఆమె ఒళ్లో కూర్చుని పురాణాలు విన్నాను, పెద్దయ్యాక దేవరయాంజాల్‌లో శనివారం శనివారం జరిగే సత్సంగంలో కూర్చుని అవే పురాణాలు ఇతరులకు చెప్పడం మొదలుపెట్టాను. గోదాములో నన్ను 'స్వామీ' అని పిలిచేవారు. అది గౌరవమనే అనుకున్నాను (బస్తాలు మోసేవాళ్లు ఆ పిలుపుకు ముందూ వెనకా ఎందుకు నవ్వేవాళ్లో చాలా ఏళ్లదాకా తట్టలేదు). మా సత్సంగానికి అధ్యక్షుడు ఒక పటేలు. తాతల నాటి పొలాలను ముక్కలు చేసి అమ్ముతుండేవాడు కాబట్టి ఆయన వినకుండా ప్లాట్ల పటేలు అనేవాళ్లం. భజనలో తాళం తప్పనివాడు. హారతికీ ప్రసాదానికీ మధ్య దొరికే కాస్త వ్యవధిలో ఆ వారం గజం ధర ఎంతో చెప్పడం కూడా తప్పనివాడు.

జీతం కాగితాలున్న నలభై, యాభై మంది మగవాళ్లు ప్రతి శనివారం ఒకేచోట చేరతారన్న సంగతి సిటీలో ఎవరికో తెలిసినట్టుంది. ఒక శనివారం, మండుటెండలో టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. ప్రతి కీర్తనకూ తప్పు చోట చప్పట్లు కొట్టాడు. పులిహోర తిన్నాక సంచీ విప్పి నా పక్కకు జరిగాడు.

"అన్నా, క్రెడిట్ కార్డు. జిందగీ మొత్తం ఫ్రీ. ఒక్క సంతకం పెట్టు, సాలు."

"నాకెందుకు తమ్మీ? నేను వాడను."

"వాడకుంటే ఇంకా మంచిది అన్నా. బిల్లు రాదు, పరేషాన్ లేదు. జేబుల పడుంటది. మీ అసుంటి పెద్దమనుషుల జేబుల లేకుంటే ఇంకెవల జేబుల ఉండాలె?"

ఆ చివరి మాటకు పడిపోయాను. తరువాతి ఏడాదిలో ఇంకో మూడు బ్యాంకుల కుర్రాళ్లు వచ్చారు, ఇంకో మూడుసార్లు పడిపోయాను. నాలుగు కార్డులు, వాటితోపాటు ఒక గోడగడియారం, చక్రాలు తిరగని ఒక ప్రయాణం పెట్టె. కార్డు గీకే యంత్రం మేడ్చల్ బజారులో అప్పటికి నేను చూడలేదు. ఓసారి కిరాణా కొట్టులో జేబులోంచి కార్డు జారి పడితే, కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి "దీని మీద నీ ఫోటో ఏది?" అని అడిగాడు.

వాడని వస్తువు ఎందుకని మీరు అడుగుతారు. అందుకు నా దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. అపరిగ్రహం మీద సత్సంగంలో ఓ గంటసేపు మాట్లాడుతూ దాన్ని బయటపెట్టాను. "లేనివాడు తినకపోతే పస్తు, ఉన్నవాడు తినకపోతే ఉపవాసం" అన్నాను. అని, జేబులోంచి నాలుగు కార్డులూ తీసి పేకముక్కల్లా విప్పి చూపించి, "ఇన్నేసి వేలు నా చేతిలో ఉన్నాయి, ఒక్క రూపాయి ముట్టలేదు" అన్నాను. పటేలు కళ్లు తుడుచుకుని "వైరాగ్యమంటే గట్లుండాలె" అన్నాడు. నేను నేల మీద లేను. అసలు సంగతి ఏమిటంటే, లిమిట్ పెంచామని ఏ బ్యాంకు ఉత్తరం రాసినా దాన్ని రెండుసార్లు చదివేవాణ్ని. సంధ్యావందనంలో కళ్లు మూసుకుని నాలుగింటినీ కలిపి కూడుకునేవాణ్ని. వైరాగ్యాన్ని వేలల్లో కూడుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను, రోజూ అద్దంలో.

ఇంతలో పటేలు తూంకుంటలో కొత్త లేఅవుట్ వేశాడు. నూటయాభై గజాల ప్లాటు ఒకటి అవ్వకు చూపించాను. పుట్టినప్పటినుంచీ ఇతరుల అరుగుల మీదే బతికిన మనిషి ఆమె. ఆ తెల్లరాళ్ల మధ్య చెప్పులు విడిచి నిలబడి, "సొంత జాగల ఒక్కపూటన్న నిద్రబోవాలె బిడ్డా" అంది. మర్నాడే తన కాళ్ల వెండి కడియాలు అమ్మి బయానా కట్టించింది. మిగతాది బ్యాంకు లోను. రెండు నెలల గడువు. పటేలు రసీదు రాసిస్తూ నా భుజం తట్టాడు.

"సత్సంగం సత్సంగమే, బయానా బయానానే. గడువు దాటితే పైసలు వాపస్ రావు స్వామీ."

మేడ్చల్‌లోని ఒక బ్యాంకులో లోన్లు చూసే మేడం నా దరఖాస్తు చదువుతూ ఒకచోట ఆగింది. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివింది.

"ఆస్తుల కాలమ్‌లో ఇదేంది?"

"నా కార్డుల లిమిట్ మేడం. నాలుగూ కలిపి."

"ఇది మీ ఆస్తి అని ఎవరు చెప్పిన్రు?"

"బ్యాంకులే ఇచ్చినయ్ కద మేడం, నా మీద నమ్మకంతోని. ఒక్క రూపాయి కూడ వాడలె."

ఆమె పక్క టేబుల్ ఆయన్ను పిలిచి ఆ కాలమ్ చూపించింది. ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

"చూడు బాబూ, వాడినోడు ఎంత వాడిండో కానొస్తది. వాడనోడు రేపు పొద్దుగాల లేచి మొత్తం వాడుకోవచ్చు. గా లిమిట్ అంతా నువ్వు ఎప్పుడన్న చేయగల అప్పు. నీ జీతానికి అది ఇప్పటికే మస్తు ఎక్కువుంది. మీదికెళ్లి నేను లోనిస్తే, దేనికి కడతవ్, దేన్ని ఎగ్గొడతవ్?"

నేను ఆమెకు నా పస్తు, ఉపవాసాల సిద్ధాంతం వివరించాను (అవును, బ్యాంకులో, వెనక నలుగురు వరుసలో నిలబడి ఉండగా). ఆమె అంతా ఓపికగా విన్నది.

"ఉపవాసం ఉండేటాయన ముందర నాలుగు విస్తర్లు ఎందుకు పరుచుకున్నడు?"

ఎన్నో ప్రవచనాలు విన్నాను. అపరిగ్రహం మీద ఇంత పొట్టి వ్యాఖ్యానం చేసిన పండితుణ్ని మాత్రం చూడలేదు. కానీ ఆ రోజు నాకు కోపమే వచ్చింది. "నాలుగూ వదిలేస్త మేడం" అని లేచాను. ఆమె వెనకనుంచి కాగితాల గురించి ఏదో అంటూనే ఉంది. నేను వినలేదు. త్యాగం చేయడానికి నిర్ణయించుకున్నవాడికి కాగితాల మాటలు వినపడవు.

ఆ ఆదివారం ఉదయం సత్సంగమంతా షామీర్‌పేట చెరువు కట్ట మీదికి కదిలింది. నాలుగు కార్డులను పసుపు గుడ్డలో కట్టి, పటేలు కొబ్బరికాయ కొట్టగా, తాళాలు మోగుతుండగా, నడుంలోతు నీళ్లలో దిగి వదిలాను. జైజైలు కొట్టారు. ఇద్దరు ఆడవాళ్లు నా కాళ్లకు దండం పెట్టారు, నేను వద్దనలేదు. తడిబట్టలతో ఇంటికి వచ్చి జరిగింది చెబితే, అవ్వ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"చెరువుల ఏసొస్తివా? మంచిగనే ఉంది. ఇగ చేపలు అప్పు జేసుకుంటయ్."

మర్నాడు బ్యాంకుకు వెళ్లాను. మేడం చేయి చాచింది.

"కార్డులు మూసేసినట్టు బ్యాంకుల లెటర్లు?"

"నిమజ్జనం చేసిన మేడం."

ఆమె చాచిన చేయి వెనక్కి తీసుకుంది. "బాబూ, ప్లాస్టిక్ ముక్క పోతే ఖాతా పోతదా? లిమిట్ అట్లనే ఉంటది" అంది. దేహం నశించినా లోపలిది నశించదని శనివారం శనివారం గొంతు చించుకునే నాకు, ఆ ముక్క ఒక లోన్ల మేడం చెప్పవలసి వచ్చింది.

అక్కడినుంచి నా తపస్సు ఎస్టీడీ బూతులో సాగింది. మొదటి బ్యాంకు అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ కార్డు మీద పదహారు అంకెల నంబరు చెప్పండి సార్" అంది.

"అది చెరువులో ఉందమ్మా."

"ఏ బ్రాంచి సార్ అది?"

"షామీర్‌పేట చెరువు."

"సారీ సార్, ఆ బ్రాంచి మా లిస్టులో లేదు."

ఎన్నడూ వాడలేదు కాబట్టి బిల్లు రాలేదు, బిల్లు లేదు కాబట్టి నంబరు ఎక్కడా లేదు. లిమిట్ పెంచిన ఉత్తరాల్లో చివరి నాలుగంకెలే ఉన్నాయి. మిగతావి చుక్కలు. కార్డు మూసేయాలంటే ముందు కొత్త కార్డు తెప్పించుకోవాలన్నారు. తెప్పించుకున్నాను. మూడోది రావడమే పెంచిన లిమిట్‌తో వచ్చింది, ఇంతకాలం మచ్చలేకుండా ఉన్నందుకు బహుమానమట. టై కుర్రాడు ఏమయ్యాడా అని వెతికితే మేడ్చల్ బస్టాండులో సెల్‌ఫోన్ కనెక్షన్లు అమ్ముతున్నాడు. "అన్నా, ఇచ్చుడే మా పని. బందు జేసుడు వేరే డిపార్ట్‌మెంట్" అని నాకో ఫారం ఇవ్వబోయాడు. అంతకన్నా నిజాయితీగా మాట్లాడినవాడు ఆ మొత్తం వ్యవహారంలో ఇంకొకడు కనబడలేదు.

మూడు బ్యాంకుల లెటర్లు గడువులోగా వచ్చాయి. నాలుగోది తొమ్మిది రోజులు ఆలస్యం. పటేలు గడువు దాటిన ఏడో రోజునే నా ప్లాటు ఎక్కువ ధరకు ఇంకొకరికి రాసిచ్చేశాడు. "రూల్ అంటే రూలే స్వామీ, అంతా ఆయన లీల" అని పైకి చూపించాడు. నష్టం మనదైతే లీల, లాభం పటేలుదైతే లేఅవుట్. నేను నోరు మూసుకుని వచ్చేశాను. అధ్యక్షుడితో వాదిస్తే సత్సంగంలో నా మాటకు విలువ తగ్గుతుందని భయం. అవ్వ కడియాలు పోయినా ఫర్వాలేదు, నా ప్రవచనం పోకూడదు. అంతటి మహాత్ముణ్ని.

అవ్వకు అలాంటి భయాలేవీ లేవు. ఆ శనివారం భజన నిండుగా సాగుతుండగా నడిమధ్యకు వచ్చి పటేలు ఎదుట కూర్చుంది. తాళాలు ఒక్కొక్కటే ఆగాయి.

"పటేలా, నా కడియాలు నీ కాడున్నయ్, కాళ్లు నా కాడున్నయ్. రెండూ ఒక్కకాడికి రావాలె. కడియాలిస్తవా, జాగిస్తవా, కాళ్లు గూడ తీస్కుంటవా?"

"అవ్వా, గిది దేవుని జాగ. గిక్కడ గా ముచ్చటెందుకు?"

"గజం ధర చెప్పేటప్పుడు దేవుని జాగ గాదా?"

నలభై మంది నేల చూపులు చూశారు. అందులో నేనూ ఉన్నాను. పటేలు మంచినీళ్లు తెప్పించుకుని తాగాడు. చివరికి బయానా పోనివ్వనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. కాకపోతే కొత్త ధర లెక్కన మా బయానాకూ, ఎట్టకేలకు మేడం ఇచ్చిన లోనుకూ కలిపి లేఅవుట్ చివర, మురికికాలువ పక్కన, తొంభై గజాల సన్నటి ముక్క వచ్చింది. దాని మీద రెండు గదులు లేపాం. అవ్వ అందులో పదకొండేళ్లు కాళ్లు చాపుకుని పడుకుంది. పూర్తిగా చాపితే గోడకు తగిలేవి. ఏనాడూ ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆ కాలువ మీద రోడ్డు పడింది. ఇంటికి వచ్చినవాళ్లు ఇంత సన్నగా కట్టారేమిటని అడుగుతారు. సత్సంగంలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి మొన్న ఇంటికి వచ్చి అదే అడిగాడు. నేను గొంతు సవరించుకుని, "నాయనా, అవసరానికి మించిన జాగా మనిషికి బంధం..." అని మొదలుపెట్టానో లేదో, లోపలి గదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ముందుగాల మన చెయ్యి జారిన గా నూటయాభై గజాల జాగల లేసిన ఇల్లు సూపెట్టు. తర్వాత బంధం సంగతి చెబుదువు గాని."

అబ్బాయి నవ్వాడు, నేనూ నవ్వి ఆపేశాను. పైకి మాత్రమే ఆపాను. అతను వెళ్లాక గేటు వేస్తుంటే, ఆ వాక్యం లోపల ఎంతో అందంగా, శ్లోకంతో సహా, పూర్తయి కూర్చుంది.