ఎడమ పేజీల జిరాక్స్

ఆగస్టు 19, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. హఫీజ్‌పేటలో మనవరాలి స్కూల్, ప్రిన్సిపాల్ గది. ఉన్నవారు: ప్రిన్సిపాల్, క్లాస్ టీచర్, నా కూతురు, ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలు, నేను. అల్లుడు ఆఫీసులో మీటింగ్ ఉందని రాలేదు.

తేలాల్సింది ఒక్కటే. పిల్లను ఆ స్కూల్లో ఉంచుతారా, టీసీ ఇచ్చి పంపేస్తారా.

జూన్‌లో స్కూల్ తెరిచినప్పటి నుంచి ఫిర్యాదులే. తోటి పిల్ల నోట్‌బుక్ చింపింది. టీచర్ మీద అరిచింది. క్లాసు మధ్యలో లేచిపోయి మెట్ల మీద కూర్చుంది. ఎందుకని అడిగితే నోరు విప్పదు. కూతురు కేకలేసింది, అల్లుడు ఫోన్ లాక్కున్నాడు. నేను రాయడం మొదలుపెట్టాను.

అది నా ఉద్యోగపు అలవాటు. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు రికార్డులు రాశాను. బ్యాచ్ చెడిపోతే ముందు ఎవరినీ తిట్టేవాళ్లం కాదు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, అంతకుముందు ఏం జరిగింది అని వరసగా రాస్తూ పోతే కారణం దొరికేది. మనవరాలి విషయంలోనూ అదే చేశాను. డైరీలో ఎడమ పేజీ మీద ఆమె చేసినది, కుడి పేజీ మీద దానికి ముందు జరిగినది. కుడి పేజీ కోసం ఆమె స్నేహితురాలిని బస్సు దగ్గర మెల్లగా అడిగేవాణ్ని. రెండు నెలలకు కారణం కనపడింది. ప్రతి గురువారం టెస్టు మార్కులు క్లాసులో పైకి చదివి, ర్యాంకుల ప్రకారం బెంచీలు మారుస్తారు. స్కూల్లో గొడవలన్నీ గురు, శుక్రవారాల్లోనే.

ఇది చూపిస్తే బెంచీలు మార్చడం ఆపుతారని, పిల్ల ఉండిపోతుందని నమ్మాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా డైరీ సంచిలో పెట్టుకుని వెళ్లాను.

ప్రిన్సిపాల్ పేజీలు తిప్పింది. "ఎంత ఓపికండీ మీకు! మా టీచర్లు కూడా ఇంత పద్ధతిగా రాయరు." క్లాస్ టీచర్ వైపు తిరిగింది. "తలుపు తన్నడం... ఇది మన రిజిస్టర్‌లో లేదే?"

"కుడి పేజీ చూడండి మేడమ్," అన్నాను.

"చూద్దామండి." అటెండర్‌ను పిలిచి, ఏవేవి కావాలో వేలుపెట్టి చూపించి జిరాక్స్‌కు పంపింది.

తొమ్మిది కాగితాలు వచ్చాయి. అన్నీ ఎడమ పేజీలే. కుడివి కూడా తీయించమన్నాను.

"అవి మీ అభిప్రాయాలండి. ఇవి జరిగినవి. మీరే రాశారు, మీరే సంతకం పెట్టారు."

నిజమే. ప్రతి పేజీ కింద సంతకం ఉంది. ఫ్యాక్టరీలో సంతకం లేని పేజీ చెల్లదు.

"ఏంది నాయినా ఇది?" అంది కూతురు. "నువ్వు మా దిక్కా, వాళ్ల దిక్కా?"

"పిల్ల దిక్కే బిడ్డా."

ఈలోగా మనవరాలు డైరీని తన ముందుకు లాక్కుంది. కుడి పేజీలు చదివింది ఆ గదిలో ఆమె ఒక్కతే.

"తాతా, తలుపు తన్నింది ఇంట్ల కదా. అది గూడ రాసినవా?" ఇంకో పేజీ తిప్పింది. "నా ఫ్రెండ్‌ని అడిగినవా? అందుకేనా అది నాతోని మాట్లాడ్తలేదు?"

ఆ సంగతి నా డైరీలో లేదు.

ప్రిన్సిపాల్ జిరాక్స్‌లు ఫైలులో పెట్టి, టీసీ కావాలని మేమే అడిగితే పిల్ల రికార్డులో మచ్చ ఉండదని చెప్పింది. తెల్లకాగితం నా వైపు జరిపింది. "మీ దస్తూరీ బాగుందండి, మీరే రాసెయ్యండి." నేను రాశాను. కూతురు సంతకం చేసింది.

మరునాడు ఉదయం ఏడుంబావుకు స్కూల్ బస్సు మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. బస్సు వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. మనవరాలు గదిలోంచి బయటికి రాలేదు. హారన్ మూడోసారి మోగాక నేనే దిగాను.

"పాప రాదా పెద్దసారూ? జరమొచ్చిందా ఏంది?" అన్నాడు డ్రైవర్.

అవునన్నాను.

"జర మంచి దవాఖానల చూపియ్యుండ్రి," అని బస్సు ముందుకు పోనిచ్చాడు.