నాన్నగారి ఎడమచేతి నరం

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. కొత్తపేట దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో కాంపౌండరుగా చేస్తూ, శవాన్ని తుడిచి వచ్చి, చేతులు కడుక్కుని అన్నం తిన్నవాణ్ణి. ఇది కూడా దయ్యం సంగతని నేననను. చూసింది చూసినట్టు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నరం పట్టుకోవడం డాక్టరుగారే నేర్పారు. మనం నరం అంటాం గానీ పుస్తకాల్లో దాని పేరు సిర. ఒళ్ళంతా తిరిగిన రక్తాన్ని మళ్ళీ గుండెకి చేర్చేది అదే. లోపల చిన్న చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి. అవి గుండె వైపుకే తెరుచుకుంటాయి. అరచేతి వెనక నరాన్ని వేళ్ళ దగ్గర ఒక వేలితో నొక్కిపట్టి, ఇంకో వేలితో రక్తాన్ని మణికట్టు వైపు తోసేస్తే నరం చదునైపోతుంది. పైనుంచి చుక్క వెనక్కి రాదు. నొక్కిన వేలు తీస్తే కిందనుంచి మళ్ళీ నిండుతుంది. అలా నిండాలంటే గుండె కొట్టుకుంటూ ఉండాలి.

ఇది నేను సాధన చేసింది మా నాన్నగారి చేతి మీద. కొబ్బరికాయలు ఒలిచీ ఒలిచీ ఆయన చేతుల మీద నరాలు తాళ్ళలా తేలి ఉండేవి. "నువ్వు తోస్తే గానీ నా రక్తం కదలదేంట్రా?" అని ఏడిపించేవారు.

పంతొమ్మిదివందల యాభైల మొదట్లో, ఒక వేసవిలో, తెల్లవారుతుండగా ఆయన పోయారు. నాలుగు రోజుల జ్వరం. నాడి చూసి, కళ్ళు చూసి, పోయారని ఇంట్లో చెప్పింది నేనే. నేనున్నాను కదా అని డాక్టరుగారిని పిలవాలని ఎవరికీ తోచలేదు. నాకు ఏడుపు రాలేదు. మొద్దుబారిపోయి, ఏ పని చెబితే ఆ పని చేశాను.

పదిగంటలకి కాలవగట్టు మీద పాడె దింపారు. శ్మశానానికి వెళ్ళే దారిలో ఒకచోట దింపి, ప్రాణం ఏ మూలైనా ఉందేమోనని కొడుకు చేత చెవిలో మూడుసార్లు పిలిపిస్తారు. దింపుడు కళ్లం అంటాం. వంగి "నాన్నగారూ" అన్నాను. ఛాతీ మీదున్న ఎడమచెయ్యి అప్పటికే కర్రలా బిగుసుకుపోయింది. అలవాటుకొద్దీ నా వేళ్ళు దాని మీదికి వెళ్ళాయి. నొక్కాను, తోశాను, వేలు తీశాను.

నరం నిండింది.

రెండోసారి పిలిచి చూశాను. మూడోసారీ చూశాను. రెండుసార్లూ నిండింది. చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉంది, రక్తం దానంతటది జారి వచ్చిందనడానికి లేదు.

"మూడుసార్లూ అయిపోయింది, లేవరా" అన్నారు చిన్నాన్నగారు. లేవలేదు. డాక్టరుగారు చూసేదాకా పాడె ఎత్తడానికి వీల్లేదన్నాను. అందరూ నన్ను తిడుతూ గంటన్నర ఎండలో నిలబడ్డారు.

డాక్టరుగారు సైకిలు మీద వచ్చి, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. గుండె చప్పుడు లేదు. "నరం నిండుతోందండి" అన్నాను. ఆయనే నొక్కి, తోసి, వేలు తీశారు. మా ఇద్దరి కళ్ళముందే నిండింది.

"చూసేరాండీ?"

"పోయేరయ్యా. కానివ్వండి" అని సైకిలెక్కి వెళ్ళిపోయారు. తరవాత ఆరేళ్ళు ఆయన దగ్గరే పనిచేశాను. ఆయనా ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

చితికి నిప్పు పెట్టాను. ఆ రోజు చూసిందేమిటో ఈనాటికీ నాకు తెలియదు. ప్రాణం పోయాకే నిప్పు పెట్టావా అని ఎవరైనా అడిగితే, అవునని చెప్పడానికి నాకు నోరు రాదు.