మా మరిది పెట్టిన శూన్యమతం

అంతరిక్షం సినిమాలు చూసీ చూసీ మా మరిది శూన్యమతం పెట్టాడు. సిరుగుప్ప కాలేజీలో స్నేహితులు నలుగురు దానికి భక్తులు. పాత బైకు హెల్మెట్‌కు వెండి రంగు పూసి, ఇదే మా గురువన్నారు. లోకమంతా భ్రమ, భయం అన్నిటికంటే పెద్ద భ్రమ అని వాళ్ల సిద్ధాంతం. నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందా అని మాటిమాటికీ చూసుకునే నన్ను చూస్తే వాడికి ఒకటే నవ్వు.

ఆయుధపూజ నాడు మా అత్త ట్రాక్టరుతో పాటు ఆ హెల్మెట్‌కూ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది.

“మాది దేవుడు లేని మతం, అమ్మా!”

“దేవుడు లేకుంటే ఏమప్పా, సామాను ఉండాది కదా!”

సాయంత్రం పాపను బైకు మీద ముందర కూర్చోబెట్టుకుని దీక్షకు తీసుకుపోతానన్నాడు. పాపకు అప్పటికి ఇంకా సరిగ్గా కూర్చోవడమే రాదు. నేను ఇవ్వనన్నాను.

“భయం భ్రమ, వదినా” అంటూ హెల్మెట్ పెట్టుకోబోయాడు. పూల చాటున లోపలికి దూరిన బల్లి నెత్తిన పడింది. కెవ్వున అరిచి గురువును వాకిట్లోకి విసిరికొట్టాడు.

“వదినా, బల్లి తల మీద పడితే ఏమైతాదో పంచాంగంలో బిర్నా చూడు!”

పాపకు పాలు పట్టడం అయ్యేదాకా నేను లేవలేదు. వాడు గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. దీక్ష మాట మళ్లీ ఎత్తలేదు.